బెండు కట్టి నేర్పే చదువు

కర్నూలు జిల్లా పడమటి దిక్కున ఆదోని, ఎమ్మిగనూరు పేర్లు చెబితే పత్తి, మగ్గం, ఆ వెంటనే కరువు గుర్తుకొస్తాయి. 1876-78 నాటి మహా కరువు బళ్లారి జిల్లాను పీల్చి పిప్పి చేసిన రోజుల్లో ఆదోని ఆ జిల్లాలోని తాలూకానే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే అది ఇటువైపు వచ్చింది. అలాంటి చోట ఈత గురించి, నీటి అడుగుకు మునిగే విద్య గురించి రాయడం వింతగా అనిపించవచ్చు. నిజానికి నీళ్లు అరుదైన నేలలోనే బావిని లోతుగా తవ్వాల్సి వస్తుంది. పొలంలో లోతైన బావి ఉన్నాక ఆ ఇంటి పిల్లలకు ఈత నేర్పక తప్పదు. ఆ అవసరంలోంచి వచ్చిందే బావి ఈత.

దానికి ఒక వరుస ఉంది, కట్టుబాటు ఉంది, పక్కనే నిలబడే పెద్ద ఉన్నాడు. గాలి సిలిండరుతో నీళ్లలోకి దిగడం నేర్పే స్కూబా క్లబ్బులు నేడు డబ్బు తీసుకుని చెప్పే పాఠాల్లో కొన్ని మన బావుల్లో ఉచితంగా అందేవి. ఇప్పుడు బావులు ఎండిపోయాయి. వాటితో పాటు గట్టు మీద గురువూ కనుమరుగవుతున్నాడు. నాకు దిగులు కలిగించేది ఆ రెండో నష్టమే.

కిత్తలి కాడ, కొబ్బరి తాడు

ఎడ్లతో నీళ్లు తోడే కపిల తోలిన కాలపు బావులు ఇప్పటికీ అక్కడక్కడా మిగిలున్నాయి. నాలుగు వైపులా రాతి కట్టడం, ఒక పక్క ఎడ్లు నడిచే వాలు, గోడలోంచి పొడుచుకొచ్చిన రాతి మెట్లు. వానాకాలం ముగిశాక నీళ్లు పై మెట్టుకు దగ్గరగా ఉంటాయి, ఎండలు ముదిరేసరికి అడుక్కి దిగుతాయి. బడికి సెలవులిచ్చేది అప్పుడే కాబట్టి పిల్లలంతా బావి దగ్గరే ఉండేవాళ్లు.

ఈత నేర్పడానికి కావలసిన సరంజామా చేను గట్టు మీదే దొరుకుతుంది. కంచెగా పెంచే కిత్తలి ఒకే ఒక్కసారి పూస్తుంది. పూసిన కాడ నిలువునా ఎండిపోయి లోపలంతా బెండవుతుంది. దాన్ని జానెడు, మూరెడు ముక్కలుగా కోసి, రెండు మూడు ముక్కలను పక్కపక్కనే పేర్చి తాడుతో కడతారు. కిత్తలి దొరకని చోట ఎండిన సొరకాయ బుర్ర, తర్వాతి కాలంలో లారీ ట్యూబు, నూనె డబ్బా ఆ పని చేశాయి.

బెండును ఎక్కడ కట్టాలన్నదే అసలు పని. నడుముకు మరీ కిందగా కడితే కాళ్లు పైకి లేచి తల మునుగుతుంది. మరీ పైకి కడితే తాడు చంకల్లో ఒరుసుకుని చేతులు ఆడవు. వీపు నడిమికి, నడుముకు కాస్త పైన కట్టాలి. ముడి జారకూడదు, అవసరమైతే పెద్దవాడి చేతికి ఒక్క లాగుతో ఊడిరావాలి. నీళ్లు పీల్చిన బెండు బరువెక్కి తేల్చదు కాబట్టి రోజూ ఎండబెట్టాలి. ఇంకొక సంగతీ ఉంది. లైఫ్ జాకెట్టు మనిషిని వెల్లకిలా తిప్పి ముఖాన్ని పైకి ఉంచుతుంది. వీపున ఉన్న బెండు అలా చేయదు, తల ఎత్తి పట్టుకునే పని పిల్లవాడిదే. అందుకే బెండు ఉన్నా సరే, గట్టు మీద పెద్ద లేకుండా నీళ్లలోకి దించేవాళ్లు కాదు.

మొదట్లో బెండుకు ఇంకో తాడు కట్టి, దాని కొస పట్టుకుని పెద్దవాడు మెట్టు మీద కూర్చుంటాడు.

"తాడు ఇడిసిపెట్టొద్దు చిన్నాయనా!"

"ఇడవను లేరా అబ్బీ. బెండు మునగదు, బెదరొద్దు. కాళ్లాడించు, చేతులతో నీళ్లు ఎనక్కి తొయ్యి."

ఏ బావి దగ్గరైనా వినిపించే మాటలే ఇవి. పిల్లవాడి కాళ్లకూ చేతులకూ పొత్తు కుదిరే కొద్దీ తాడు వదులవుతుంది. ఆ తర్వాత బెండులోంచి ఒక ముక్క తీసేస్తారు. కొన్నాళ్లకు ఇంకొకటి. చివరికి ఒట్టి వీపుతో ఈదే రోజు వస్తుంది. భయం ఎంత తగ్గితే ఆసరా అంతే తగ్గించడం, అంతకన్నా ముందు తగ్గించకపోవడం ఈ పద్ధతిలోని గొప్పతనం. పిల్లవాణ్ని ఎత్తి నీళ్లలో పడేస్తే ఈత అదే వస్తుందనేవాళ్లూ ఉన్నారు. అలా నేర్చినవాడికి ఈత వచ్చినా నీళ్లంటే బెదురు పోదు.

ఊపిరి మీద పట్టు

బెండు విప్పాక అసలు చదువు మొదలవుతుంది. ఉన్నచోటే నిలబడి తేలే నిలువీత, అలసినప్పుడు సేదతీర్చే వెల్లకిల ఈత, దూరం పోవడానికి బారలు వేయడం. ఆ తర్వాత గట్టు మీది నుంచి దూకడం. అన్నిటికన్నా చివర మునక. బావి అడుగుకు పోయి గుప్పెడు మట్టి తెచ్చి చూపించినవాడే ఈతగాడు.

మునకలో పనిచేసేది ఊపిరి లెక్క. రొమ్ము నిండా గాలి ఉంటే మనిషి తేలతాడు, వదిలేస్తే మునుగుతాడు. నీళ్లలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. అంటే 5 మీటర్ల బావి అడుగున పైకన్నా ఒకటిన్నర రెట్ల ఒత్తిడి. చెవులు పోటెత్తేది అందుకే. ముక్కు మూసుకుని మెల్లగా గాలిని చెవుల్లోకి నెట్టాలి లేదా గుటక వేయాలి. నొప్పి తగ్గకపోతే వెనక్కి రావాలి. మొండికేస్తే కర్ణభేరి చిరుగుతుంది.

పందెం కట్టి మునిగే పిల్లలు మునకకు ముందు గబగబా లోతుగా ఊపిరి పీల్చి వదులుతుంటారు. అలా చేస్తే ఎక్కువసేపు ఉండగలమనుకుంటారు. ఇది చాలా ప్రమాదం. గబగబా పీల్చడం వల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. ఊపిరి తీసుకొమ్మని మెదడును తొందరపెట్టేది ఆ వాయువే. ఆ హెచ్చరిక అందకముందే ప్రాణవాయువు అయిపోయి, నీళ్లలోనే స్పృహ తప్పుతుంది. ఈ మరణం చప్పుడు లేకుండా వస్తుంది. ఈదడం బాగా వచ్చినవాళ్లే దీనికి బలవుతారు.

కడవో బొక్కెనో బావిలో పడితే మొదట పాతాళ గరిగెతో వెతికేవాళ్లు. చుట్టూ కొక్కేలున్న ఆ ఇనుప సాధనాన్ని తాడుతో దించి అడుగంతా తిప్పితే ఏదో ఒక కొక్కేనికి వస్తువు తగులుకుంటుంది. తగలకపోతే మునిగేవాణ్ని పిలిచేవాళ్లు. చాలాకాలం వాడని బావిలోకి దిగే ముందు వెలిగించిన దీపాన్ని తాడుతో దించి చూసేవాళ్లు. దీపం ఆరిపోతే లోపల ప్రాణవాయువు చాలదని అర్థం, ఎవరూ దిగరు. అయితే దీపం వెలిగినంత మాత్రాన విషవాయువులు లేవని కాదు, మండే వాయువు ఉంటే దీపమే ముప్పు. పాడుబడ్డ బావిలోకి నేడు అగ్నిమాపక సిబ్బంది రాకుండా దిగకూడదు. ఒకరి వెంట ఒకరు కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు ఏటా వింటూనే ఉన్నాం.

సిలిండరుతో దిగే చదువు

ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గన్యా 1943లో ఆక్వాలంగ్ తయారుచేశాక మనిషి గాలిని వీపున మోసుకుని నీళ్లలో తిరగడం తేలికైంది. 1959లో నీటి అడుగు క్రీడల ప్రపంచ సమాఖ్య ఏర్పడింది, దానికి తొలి అధ్యక్షుడు కూస్తోనే. మన రాష్ట్రంలో స్కూబా అనగానే గుర్తొచ్చేది విశాఖ రుషికొండ తీరం.

స్కూబా క్లబ్బులోనూ మొదటి పాఠాలు నిలకడ నీళ్లలోనే. కళ్లద్దంలోకి చేరిన నీళ్లను ముక్కుతో ఊది బయటికి పంపడం, నోట్లోంచి జారిన గొట్టాన్ని వెతికి పట్టుకోవడం, జోడీకి గాలి అయిపోతే తన గాలి పంచడం. సాధారణంగా తొలి మెట్టు దాటినవారికి 18 మీటర్ల దాకానే అనుమతి. ఒంటరిగా దిగడం ఉండదు. నీళ్లలో మాట్లాడలేరు కాబట్టి చేతి సైగలే భాష. బొటనవేలు పైకెత్తితే బాగుందని కాదు, పైకి పోదామని అర్థం. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

బావి ఈతగాడు ఇక్కడికి వస్తే ఒక అలవాటు మానుకోవాలి. బావిలో ఊపిరి బిగబట్టడమే విద్య, స్కూబాలో అదే ప్రాణాంతకం. 10 మీటర్ల లోతున సిలిండరు నుంచి పీల్చిన గాలి, పైకి వచ్చేసరికి రెండింతలు వ్యాకోచిస్తుంది. ఊపిరి బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులు చిట్లిపోతాయి. అందుకే ఆగకుండా ఊపిరి తీస్తూ మెల్లగా పైకి రావాలి. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి, ఒంట్లో చేరిన నత్రజనిని బయటికి పోనివ్వాలి.

పాత నేర్పు, కొత్త పరికరం కలిస్తే ఏమవుతుందో గోదావరి చూపించింది. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ పడవ మునిగింది. నది పోటు మీద ఉండడంతో మొదట అడుగుకు చేరడం అసాధ్యమైంది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లతో నది అడుగున వెతికింది. పాతాళ గరిగె సూత్రమే అది. విశాఖ నుంచి వచ్చిన గజఈతగాళ్లు నీటిలోకి దిగి తోడ్పడ్డారు. అక్టోబరు 22న పడవ ఒడ్డుకు చేరింది.

బావి పోయింది, నీళ్లు పోలేదు

బోర్లు వచ్చాక భూగర్భ జలం బావి అడుక్కన్నా కిందికి పోయింది. కానీ మన పిల్లల చుట్టూ నీళ్లు లేకుండా పోలేదు. తుంగభద్ర దిగువ కాలువ ఆదోని, ఎమ్మిగనూరు పొలాల మీదుగా పారుతోంది. గోనెగండ్ల దగ్గర హంద్రీ మీద గాజులదిన్నె జలాశయం ఉంది. మంత్రాలయంలో తుంగభద్ర స్నానఘట్టాలున్నాయి. ఇవేవీ బావి లాంటివి కావు. కాలువకు సిమెంటు వాలు, దాని మీద పాచి. జారినవాడికి పట్టు దొరకదు, ప్రవాహం లాక్కుపోతుంది. నల్లరేగడి కుంటలో కాలు పెడితే బురద పట్టేస్తుంది. నదిలో ఇసుక తోడిన గోతులు పైకి కనిపించవు. నేర్పే పెద్ద లేకుండా, బెండు లేకుండా పిల్లలు ఈ నీళ్లలోకే పోతున్నారు.

మన దేశంలో ఇటీవలి ఏళ్లలో ఏటా 30 వేల మందికి పైగా నీట మునిగి చనిపోతున్నారు. 2021లో ప్రపంచమంతటా ఆ సంఖ్య సుమారు 3 లక్షలు. బడి ఈడు పిల్లలకు ఈత, నీటి జాగ్రత్తలు, ఇంకొకరిని కాపాడే పద్ధతి నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బంగ్లాదేశ్‌లో ఊరి చెరువులోనే వెదురు తడికలతో అరలు కట్టి, శిక్షణ పొందిన ఊరివాళ్లే పిల్లలకు ఈత నేర్పుతున్నారు. ఈతకొలను కట్టేంత డబ్బు అక్కర్లేదని ఆ పల్లెలు రుజువు చేశాయి.

మన దగ్గరా అది సాధ్యమే. బావుల్లో నేర్చిన తరం ఇంకా ఉంది. తుంగభద్ర మీద పుట్టి నడిపేవాళ్లున్నారు. వాళ్ల నేర్పుకు నేటి వైద్యం చెప్పే రెండు విషయాలు కలపాలి. ఒకటి, మునుగుతున్నవాడి ఎదురుగా పోకూడదు. గట్టు మీది నుంచే తాడో పంచో విసరాలి. మంచి ఈతగాడు దిగక తప్పకపోతే వెనక నుంచి పట్టుకోవాలి. రెండు, బయటికి తీసినవాణ్ని తల మీద ఎత్తుకుని తిప్పడం, పొట్ట నొక్కడం మానాలి. ఊపిరి ఆడకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊది, నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ మధ్య నొక్కుతూ, 108కి ఫోన్ చేయించాలి.

ఇంకొక లోటూ సరిదిద్దుకోవాలి. బావి ఈత ఎక్కువగా మగపిల్లలకే అందింది. కాలువ గట్టున బట్టలు ఉతికేదీ బిందె ముంచేదీ ఆడవాళ్లయినా వాళ్లకు ఈత నేర్పే పెద్ద ఉండేవాడు కాదు. కొత్తగా నేర్పడం మొదలుపెడితే ఆడపిల్లలతోనే మొదలుపెట్టాలి.

వచ్చే వేసవికి మండలానికొక చోట, అడుగు తెలిసిన నిలకడ నీళ్లు చూసి, తడిక కట్టి, ఈత తెలిసిన ఇద్దరికి కూలి ఇచ్చి నిలబెడితే చాలు. నీళ్ల దగ్గరికి పోవద్దని పిల్లలకు ఎంత చెప్పినా ఎండాకాలంలో ఆ మాట నిలవదు. నేర్పిన ఈత మాత్రం బతికినంత కాలం నిలుస్తుంది. ఇది పంచాయతీల పని, బడుల పని, ఈత వచ్చిన ప్రతి పెద్దవాడి పని.