సంతకానికి ముందే

నగరాల పాలన మీద సర్వేలు చేసే ఓ చిన్న స్వచ్ఛంద సంస్థలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. మాకు డబ్బిచ్చేది ఒకరు. మేం చెప్పింది వినాల్సింది మున్సిపాలిటీ. ఎవరి గోడు రాసుకొస్తామో వాళ్లు మాత్రం ఏ ఒప్పందంలోనూ ఉండరు. ఈ పనిలో కష్టమంతా అక్కడే ఉంది.

కొన్నేళ్ల కిందట ఓ పట్టణంలో తెల్లవారుజామున మూడున్నరకు వీధి కుళాయి దగ్గర నిలబడ్డాం. ఆ పేటకు నీళ్లు వదిలేది ఆ వేళకే. ఒకావిడ చంకలో పిల్లాణ్ని వేసుకుని ఏడు బిందెలు వరుసలో పెట్టింది. మూడోది నిండేసరికి ధార సన్నబడింది. "రాసుకెళ్తున్నారు గదా, ఇది ఎవరికి చూపిస్తారమ్మా?" అని అడిగింది. కమిషనర్‌ గారికి, తర్వాత ఊరందరికీ అన్నాను.

ముసాయిదా చూసిన అధికారి నీటి సరఫరా పట్టిక ఒక్కటీ తీసేయమన్నారు. రెండ్రోజులకు నిధులిచ్చిన కంపెనీ నుంచి ఫోను: "ఆ ఒక్క పేజీ లేకపోతే ఏమవుతుందండీ?" ఒప్పందం తీసి చూస్తే, నివేదికను అచ్చువేసే హక్కు ఎవరిదో అందులో ఒక్క ముక్క లేదు. ఆ పట్టిక లేకుండానే నివేదిక వచ్చింది. ఆవిడకు నేనిచ్చిన మాట తప్పాను.

ఈ పనికి మన దేశంలో దారి చూపినవాళ్లలో శామ్యూల్‌ పాల్‌ ముఖ్యులు. అహ్మదాబాద్‌ ఐఐఎంకు ఒకప్పుడు డైరెక్టర్‌గా చేశారు. బెంగళూరులో ప్రభుత్వ సేవలకు జనం చేతే మార్కులు వేయించి, 1994లో 'సిటిజన్‌ రిపోర్ట్‌ కార్డు' తెచ్చారు. పబ్లిక్‌ అఫైర్స్‌ సెంటర్‌ను స్థాపించిందీ ఆ ఏడాదే. బెంగళూరు డెవలప్‌మెంట్‌ అథారిటీ పనితీరు బాగుందన్నవాళ్లు అప్పుడు నూటికి ఒక్కరు. ఆ అంకె పేపర్లకెక్కాక, సాయం చేయండంటూ ముందుగా వచ్చింది ఆ అథారిటీయే! 1999లో రెండో కార్డు తెచ్చినప్పుడు ఫలితాలను విడుదలకు ముందే అధికారుల ముందుంచి మాట్లాడారు. ఆ తర్వాతే జనంలో పెట్టారు. మూడోసారి 2003లో అడిగితే చాలా సేవల మీద తృప్తి పెరిగింది. ఆ పుణ్యమంతా కార్డుదే అనను, బెంగళూరును బాగుచేయడానికి అప్పటి ఎస్‌.ఎం.కృష్ణ ప్రభుత్వం వేసిన టాస్క్‌ఫోర్స్‌ పాత్రా ఉంది. కానీ ముందుగా చూపించడం వేరు, అనుమతి అడగడం వేరు అని నేను నేర్చుకున్నది ఆ అనుభవాలు చదివాకే.

ఇప్పుడు మా ఒప్పందంలో మొదటి షరతు ప్రచురణ హక్కు. అది మాదే. మున్సిపాలిటీకి ముసాయిదా పదిహేను రోజుల ముందిస్తాం. తప్పుంటే కాగితాలతో చూపిస్తే దిద్దుతాం. ఒకసారి ఓ ఏఈ గారు పంప్‌హౌస్‌ లాగ్‌బుక్‌ చంకన పెట్టుకుని వచ్చారు. మేం సర్వే చేసిన వారం మోటారు కాలిపోయిందట, తేదీలతో సహా చూపించారు. ఆ పేటలన్నీ మళ్లీ తిరిగి అంకెలు మార్చాం. ఒప్పుకోని విషయమైతే వాళ్ల జవాబును అక్షరం మార్చకుండా చివర్లో వేస్తాం. లాగ్‌బుక్‌ తెచ్చిన ఆ ఏఈ గారు ఆ రోజు నుంచీ మాకు మంచి మిత్రులు.

నిధుల సంగతి ఇంకా కష్టం. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు కేటాయించమంది. ఆ డబ్బుతో బడికి బెంచీలు కొంటే వాటిమీద పేరు రాయించుకోవచ్చు. నీళ్లు ఏ పేటకు ఎన్నింటికి వస్తున్నాయో లెక్కగడితే పేరు ఎక్కడ రాయిస్తారు? అయినా ఇచ్చేవాళ్లున్నారు, వాళ్లకు చేతులెత్తి మొక్కుతాను. నిరుడు ఒక సంస్థ మా మొదటి షరతుకు ఒప్పుకోలేదు. ఆ డబ్బు వదులుకున్నాం. ఆరువందల ఇళ్లు తిరగాల్సినచోట రెండువందలే తిరిగాం.

మీ ఊరి మీద ఎవరైనా నివేదిక తెస్తే, మా సంస్థది అయినా సరే, ఖర్చు ఎవరు పెట్టారో, అచ్చుకు ముందు ఎవరు చూశారో అడగండి. ఆ రెండూ చెప్పకపోతే నమ్మకండి.