ఒక్క ‘వచ్చావా’

గది చిన్నది. గోడలకు దళసరి దుప్పట్లు వేలాడదీశారు. ఫ్యాను లేదు, రికార్డింగ్ మొదలవగానే ఏసీ కూడా ఆపేస్తారు. లోపలికి వెళ్ళేముందు ఆవిడ గాజులు తీసి బయట బల్లమీద పెట్టారు. కట్టుకొచ్చింది నూలుచీర. పట్టుచీరైతే కాస్త కదిలినా మైకు పట్టేస్తుందట. ముప్ఫై ఏళ్ళుగా రేడియో నాటకాలకూ డబ్బింగుకూ అరువిచ్చిన గొంతు ఆవిడది. ఇప్పుడు ఒక నవలను ఆడియో పుస్తకంగా చదువుతున్నారు. ఆ పని దగ్గరుండి చూడాలని అడిగి మరీ వెళ్ళాను.

మొదటి అధ్యాయంలో కొడుకు అర్ధరాత్రి ఇంటికొస్తాడు. తల్లి తలుపు తీసి ‘వచ్చావా’ అంటుంది. పుస్తకంలో ఉన్నది అంతే. కోపంగా అందనో, కళ్ళనీళ్ళతో అందనో రచయిత రాయలేదు.

ఆవిడ ఆ మాటను మూడుసార్లు చదివారు. మొదటిసారి ‘చ్చా’ మీద బరువు పడింది, అది కోపం. రెండోసారి ‘వా’ కాస్త సాగింది, అప్పటిదాకా పడ్డ బెంగ తీరినట్టు. మూడోసారి ‘వ’ దాదాపు వినబడలేదు. చివర పైకి లేవాల్సిన స్వరం లేవకుండా కిందికి దిగిపోయింది. అడిగినట్టే లేదు.

“మూడోది ఉంచు బాబూ” అన్నారు అద్దం అవతలున్న ఇంజినీరు కుర్రాడితో.

విరామంలో కారణం అడిగాను. “ఆ తల్లికి ముందే తెలుసండీ. కొడుకు ఎక్కడికెళ్ళాడో, ఏం చేసొచ్చాడో అన్నీ తెలుసు. అది 19వ అధ్యాయంలో గానీ బయటపడదు. తెలిసినవాళ్ళు అడగరు కదా” అన్నారు.

మైకు ముందు కూర్చునేలోపు ఆవిడ నవల రెండుసార్లు చదివేశారు. ఆ ప్రతి అంచుల నిండా పెన్సిలు గీతలే. ఎక్కడ ఆగాలి, ఎవరి యాస ఏది, ఏ పాత్ర అబద్ధమాడుతోంది, అన్నిటికీ గుర్తులున్నాయి.

ఆ రాత్రి ‘వచ్చావా’ ఉన్న పేజీని నా ఫోన్‌లోని గొంతుతో చదివించాను. స్పష్టంగా ఉంది, ఎక్కడా తొట్రుపాటు లేదు. పదేళ్ళ కిందటి యంత్రపు గొంతులతో పోలిస్తే ఎంతో నయం. కానీ నవలలో ఈ వాక్యం దగ్గర నేను ఆపేశాను: ‘పొద్దున్నే లేచి, పేడ ఎత్తి, దూడను విప్పి, పాలు పితికి, గిన్నె గుమ్మంలో పెట్టి, అప్పుడు ఏడ్చింది.’ తెలుగు వాక్యానికి ప్రాణం చివరి క్రియలో ఉంటుంది. అది వచ్చేదాకా లేచి, ఎత్తి, విప్పి అన్నీ అసమాపకాలే, మోసుకుపోవాల్సిన బరువులే. ఫోన్ ప్రతి కామా దగ్గరా స్వరం దించేసింది. అయిదు పనులు అక్కడికక్కడే ముగిసిపోయాయి, ఏడుపు ఆరో పనిగా వచ్చింది. ఆవిడ చదివినప్పుడు స్వరం ఒకే ఎత్తులో నిలిచింది, ఒక్కో పనికీ కొద్దిగా వేగం పెరిగింది. ‘అప్పుడు’ ముందు ఎవరైనా ఆగుతారు, ఆవిడ ఆగలేదు. అంత పనిలో ఏడవడానికి ఆ మనిషికి వేరే తీరిక లేదని ఆ ఆగకపోవడంలోనే తెలిసింది.

తెలుగు రాసినట్టే చదివే భాష అని మనకో నమ్మకం. అది సగమే నిజం. ‘చాప’లో చ వేరు, ‘చేప’లో చ వేరు. చలి, చదువు, చుట్టం దంత్యాలు. చంద్రుడు, చక్రం సంస్కృతంనుంచి వచ్చాయి కనక తాలవ్యాలు. పాత నిఘంటువులు ౘ, ౙ అని వేరే గుర్తుపెట్టి అచ్చువేసేవి. నేటి అచ్చులో ఆ గుర్తు లేదు, చదివేవాళ్ళ నాలుకే చూసుకోవాలి. ‘వచ్చాడు’లో ‘చ్చా’ పలుకు ‘ఆ’కూ ‘ఏ’కూ మధ్యది. దానికసలు అక్షరమే లేదు. అంకెలదీ ఇదే కథ. ‘4 కుర్చీలు, 4 పిల్లలు’ అని రాసిస్తే ఫోన్ రెండింటికీ నాలుగనే చదివింది. మన భాషలో కుర్చీలు నాలుగు, పిల్లలు నలుగురు. మనిషిని లెక్కపెట్టేటప్పుడు అంకె రూపమే మారుతుంది. ఆవిడ దీన్ని ఆలోచించి చదవరు, నోటికి అలాగే వస్తుంది.

యంత్రపు గొంతుల వెనకా గొప్ప పనితనం ఉంది. అది చెప్పకపోతే అన్యాయం. 1961లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్ళు కంప్యూటర్ చేత పాట పాడించారు. ఆ తర్వాత ఎంఐటీలో డెనిస్ క్లాట్ అనే శాస్త్రవేత్త మాట పుట్టే తీరును ఏళ్ళ తరబడి కొలిచి, సూత్రాలుగా రాసి, తన గొంతునే నమూనాగా తీసుకుని యంత్రానికి మాట నేర్పారు. 1985లో శస్త్రచికిత్స వల్ల మాట పోయిన స్టీఫెన్ హాకింగ్‌కు చివరికి దక్కింది ఆ గొంతే. తర్వాత మెరుగైనవి వచ్చినా ఆయన దాన్ని వదల్లేదు. క్లాట్ 1988లో కన్నుమూశారు. ఆయన గొంతు అచ్చు పోసిన ఆ స్వరం హాకింగ్ నోట 2018 దాకా పలికింది. ఇంతకన్నా నిండైన మానవ స్పర్శ ఏ యంత్రానికుంది?

అమెరికా గాత్ర నటి సుసాన్ బెన్నెట్ సంగతి వేరు. 2005 జూలైలో ఆమె రోజుకు నాలుగేసి గంటలు, అర్థంపర్థం లేని వాక్యాలు ఎన్నో చదివారు. ఆ ముక్కల్ని కత్తిరించి, అతికించి కొత్త మాటలు చేయడానికి. 2011లో ఐఫోన్‌లో సిరి వచ్చాకే ఆ గొంతు తనదని ఆమెకు తెలిసింది. గొంతు ఎక్కడికి పోతోందో దాని యజమానికి తెలియకపోవడం నాకు సహించరాని విషయం. ఇప్పుడు కొద్దిపాటి రికార్డింగుతోనే గొంతును పోతపోసే రోజులొచ్చాయి కనక మన చదువరులకూ డబ్బింగు కళాకారులకూ రాతపూర్వకమైన ఒప్పుదల హక్కు ఉండి తీరాలి.

చూపులేని మిత్రుడొకడు రోజూ పేపరు యంత్రపు గొంతుతోనే వింటాడు, మామూలుకు మూడింతల వేగంతో. నాకు ఒక్క ముక్క అర్థం కాదు. అతనికి కావలసింది మాట అంచులు చెదరని గొంతు. అంత వేగంలో మనిషి స్పష్టంగా చదవడం కష్టం. బస్టాండులో ప్రకటనకూ అది చాలు. నవల మాత్రం, నా మటుకు, మనిషికే దక్కాలి.

వారం తర్వాత 19వ అధ్యాయం రికార్డింగుకు మళ్ళీ వెళ్ళాను. తల్లి నిజం చెప్పే ఘట్టం పూర్తయ్యాక ఆవిడ హెడ్‌ఫోన్స్ తీయకుండా కాసేపు కూర్చున్నారు.

“బాబూ, మొదటిరోజు ‘వచ్చావా’ ఒకసారి వినిపించు.”

విన్నారు. మళ్ళీ విన్నారు.

“తెలిసిపోతోంది. అప్పుడే అంత తెలియకూడదు. పొద్దున పెడదాం, ఇప్పుడు గొంతు అలిసింది, దానితో కలవదు.”

మర్నాడు తొమ్మిదికే వచ్చారు. గాజులు తీసి బల్లమీద పెట్టారు. వేడినీళ్ళు రెండు గుక్కలు తాగి, పాత రికార్డింగు ముందూ వెనకా వాక్యాలు వింటూ ఆ ఒక్క మాట అన్నారు. కుర్రాడు దాన్ని పాతదాని చోట అతికించాడు. తెరమీద అలల గీతలో నాకు ఏ తేడా కనిపించలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ‘వా’ ఒక్క పిసరు పైకి లేచింది, కొడుకును నిజంగా అడుగుతున్నట్టే.