వేమన పద్యపరిష్కరణ: పూర్వకృషి చిత్రణ – ఒక పరిశీలన

1. ప్రవేశిక

ఒక పరిశోధకుడు ఆపిన చోటు నుంచి మరొకరు కొనసాగించాలంటే ఫలితం ఒక్కటే చాలదు. ఏ ఆకరాలను చూశారో, వేటిని చూడలేదో కూడా తెలియాలి. సమష్టిగా సాగే దత్తాంశ విశ్లేషణలో పని చేతులు మారేటప్పుడు ఎదురయ్యే ప్రధాన సమస్య ఇదే. వేమన పద్యపరిష్కరణలోనూ ఈ సమస్య ఉంది.

2. కాలక్రమం – వ్యాప్తి

అలీ సర్వ్‌ఘాద్, మెలనీ టోరీ 2015లో ప్రకటించిన అధ్యయనం పూర్వకృషిని కాలక్రమ జాబితాగా మాత్రమే చూపే పద్ధతిని ప్రశ్నించింది. దత్తాంశంలోని ఏయే అంశాలను ఏయే కలయికలలో పరిశీలించారో చిత్రంగా చూపినప్పుడు, మిగిలిన భాగాలను విశ్లేషకులు త్వరగా, మరింత కచ్చితంగా గుర్తించారు.

3. వేమన పద్యాలకు అన్వయం

సి.పి. బ్రౌన్ పండితుల సాయంతో ప్రతులను సరిపోల్పించి 1829లో 693 పద్యాలను, 1839లో 1164 పద్యాలను ప్రకటించాడు. తర్వాతి సంకలనాలలో ఆ సంఖ్య వేలకు చేరింది. సంఖ్య పెరుగుదల కాలక్రమాన్ని చెబుతుంది గాని, ఒక్కొక్క పద్యానికి ఉన్న ఆధారాన్ని చెప్పదు. ఎన్. గోపి పారిస్ ప్రతిని వెలువరించిన తర్వాత పోల్చదగిన ఆకరం మరొకటి చేరింది; పోలిక భారమూ పెరిగింది.

ప్రతులను అడ్డు వరుసలుగా, పద్యాలను నిలువు వరుసలుగా అమర్చిన పట్టిక ఇక్కడ ఉపకరిస్తుంది. అందులో ‘ఉంది’, ‘లేదు’, ‘చూడలేదు’ అనే మూడు గుర్తులు తప్పనిసరి. ‘చూడలేదు’ అన్నది ‘లేదు’గా చలామణి అయితే వేమన పద్యమే ప్రక్షిప్తంగా ముద్రపడే ప్రమాదం ఉంది.

వేమన సమాధి ఉన్నదని సంప్రదాయం చెప్పే కటారుపల్లి, ఓబులదేవరచెరువు కదిరి ప్రాంతంలోనివే. ఈ గ్రామాలలో సేకరించే మౌఖిక పాఠాలకూ పట్టికలో వరుస ఉండాలి. అయితే చెప్పినవారు ఆ పద్యాన్ని పెద్దల నోట విన్నారా, బడిపుస్తకంలో చదివారా అన్నది నమోదు కాకపోతే అచ్చుపాఠమే జానపద సాక్ష్యంగా తిరిగివస్తుంది.

4. పరిమితి

పై అధ్యయనం పరిశీలన విస్తృతిని కొలిచింది. పాఠనిర్ణయానికి విస్తృతి ఒక్కటే ప్రమాణం కాదు. పది ప్రతులు ఒకే మాతృక నుంచి పుట్టినవైతే వాటి సాక్ష్యం ఒక్కటే. నిండిన గడులను లెక్కించే పట్టిక ఈ భేదాన్ని మరుగుపరుస్తుంది. కనుక ప్రతుల పరస్పర సంబంధం, స్వీకార తిరస్కారాల కారణం ప్రతి గడికీ జోడించాలి.

5. ముగింపు

పరిష్కర్తలు నిర్ణయాలతో పాటు నిర్ణయానికి వచ్చిన దారినీ అందించినప్పుడే తర్వాతి పరిశోధకుడు చేసిన పనినే మళ్లీ చేయకుండా, మిగిలిన పనిని చేపట్టగలుగుతాడు.