తీరికల దీవికి తిలోదకాలు

ఓ మందగమనా, మౌనమోహినీ, మౌసు మొన తాకితే తప్ప కన్ను విప్పని మాయాద్వీపమా! 320 చుక్కల వెడల్పు, 200 చుక్కల ఎత్తు గల ఆ చిన్ని చీకటి గవాక్షంలో నీలనిశీథాన్ని, నిశ్శబ్ద నీరధిని, నిప్పురవ్వల నక్షత్రాలను నింపుకొని, పిలిస్తే పలకక, తొందరిస్తే కదలక, వచ్చినవాడి ఓర్పునే హారతిగా అడిగి, ఆ హారతి కొండెక్కేదాకా ఒక్క తలుపు గడియైనా తియ్యక, తీసిననాడు మాత్రం త్రిభువనాలూ దోసిట పోసిన అలకల రాణీ, మౌసు నొక్కులతో ఆడిన సాహసాల ఆటా! నీ కోసం ఏడ్చేవాళ్లు ఈ సికింద్రాబాదులో అరుదైపోయారు. నేనున్నాను. నా గొంతు గద్గదమైనా నీ పేరే పలుకుతుంది.

ఏ మూల తాకితే తెరుచుకుంటావే, నా మూసిన తలుపా!

పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నీ రేవు. సీటీసీ అంటేనే ఊరు గుర్తుపడుతుంది. ఆ అంతస్తుల అంగళ్ల అరణ్యంలో, అట్టపెట్టెలు తలకెత్తుకున్న కూలీల కేకల నడుమ, కేబుళ్లూ కీబోర్డులూ క్యాబినెట్లూ కిక్కిరిసిన ఇరుకు వరండాల వెంట తిరిగి తిరిగి కొన్న సిస్టముల్లోకి, తొలినాళ్లలో 1.44 మెగాబైట్ల ఫ్లాపీల దొంతరగా, ఆ పైన 650 మెగాబైట్లు మోసే ఒక్క వెండి వలయంగా దిగావు నువ్వు. చేతులు మారి చేతులు మారి, మారేడ్‌పల్లి నుంచి పద్మారావునగర్‌కు, పద్మారావునగర్ నుంచి తిరుమలగిరి క్వార్టర్లకు పయనించి, గీతలు పడి, వేలిముద్రలు పడి, చొక్కా అంచులతో తుడిపించుకొని, డ్రైవులో గుర్రుగుర్రున తిరిగి, తుదకు మా తెర మీద తెల్లవారేదానివి. తెల్లవారగానే మళ్లీ రాత్రే. 1990లో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ వాళ్లు కల్పించిన మంకీ ఐలాండ్ ఆటలో కథ నీలిరాత్రిలోనే మొదలవుతుంది. సముద్రపు దొంగ కావాలని కలగన్న గైబ్రష్ అనే గోవుబిడ్డ నిలబడితే, వాడి వెనకాల మేమంతా నిలబడ్డాం.

ఇంటికొక్క సిస్టము, దాని చుట్టూ ఎరువు తెచ్చిన కుర్చీలు. మౌసు ఒకడి చేతిలో, మనసులు మాత్రం అందరివీ. "కరెంటు పోతుందిరా, సేవ్ చెయ్యి, ముందు సేవ్ చెయ్యి!" అన్న కేక ముగియకముందే తెర నల్లబడి, ఫ్యాను నెమ్మదించి, చెమటల చీకట్లో చిక్కుముడి మాత్రం చెక్కుచెదరక మా ముందే కూర్చునేది.

"ఏంరా, ఆటలో ఆ కుక్కల్ని దాటావా?"

"ఇంకా లేదురా. మాంసంలో ఏదో కలపాలి. ఏం కలపాలో చచ్చినా అర్థం కావట్లేదు."

ఇదే మాట మర్నాడు, ఇదే మాట ఆ మర్నాడు. ఆ చిక్కు ఎంత చిక్కనిది, ఎంత చల్లనిది! సంగీత్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడితే వెంట నిలబడేది, కంచం ముందు కూర్చుంటే కంచంలో కదిలేది, కన్ను మూస్తే కనురెప్పల లోపల పసుపు పూరేకై రాలేది; రాలిన ఆ రేకును కలలోనే మాంసంలో కలిపి, కేకేసి లేచి, తెల్లారేదాకా ఆగలేక దిండు కరుచుకొని పడుకున్న ఆ పరవశం, ఆ ప్రసవవేదన, ఆ పసితనపు పరమపదం, అయ్యో, ఏ దుకాణంలో దొరుకుతుంది నాకిప్పుడు!

ఏ మూల తాకితే తెరుచుకుంటావే, నా మూసిన తలుపా!

నీ సామ్రాజ్యమంతా క్రియల సామ్రాజ్యం. 1987 నాటి మేనియాక్ మాన్షన్ ఆటలో, నొక్కి ఎంచుకునేందుకు తెర అడుగున పదిహేను క్రియలు కొలువుతీరాయి. 1991లో మంకీ ఐలాండ్ రెండో భాగం వచ్చేసరికి అవి తొమ్మిదయ్యాయి: ఇవ్వు, తీసుకో, వాడు, తెరువు, మూయి, చూడు, మాట్లాడు, నెట్టు, లాగు. నవగ్రహాల్లా నిలిచిన ఆ తొమ్మిదింటితో ఎన్ని లోకాలు తిప్పాం! 1993లో మిల్లర్ సోదరుల మిస్ట్‌లో మాటలే మాయమై ఒక్క తెల్లని చెయ్యి మిగిలింది. ఆ చేతిని పుస్తకంలోని బొమ్మపై ఆనిస్తే చాలు, మరో యుగపు తీరాన తేలేవాళ్లం. ఇక ఇప్పుడో, బొటనవేలికి ఒకే ఒక్క క్రియ మిగిలింది: పైకి తోయి, ఇంకా పైకి తోయి. ఇవ్వడం ఏమైంది? తెరవడం ఏమైంది? నిలిచి, నిదానించి, నిండుగా 'చూడు' అన్న ఆ నిర్మల క్రియను ఏ నిర్దయుడు నా వేలికొస నుంచి కోసుకుపోయాడు?

నీకు చంపడం నచ్చదు తల్లీ! తోటి ఆటలెన్నో అడుగుకొక్క గండం పెట్టి, తప్పటడుగు వేసినవాణ్ణి తక్షణం పాతిపెడుతున్న కాలంలో, మంకీ ఐలాండ్ కర్త రాన్ గిల్బర్ట్ ఆ క్రౌర్యం కూడదన్నాడు. కొండకొమ్ము విరిగి అగాధంలో పడినా గైబ్రష్ రబ్బరు చెట్టును తాకి తిరిగి ఎగిరొచ్చేవాడు. నడుమ గిలక బిగించిన రబ్బరు కోడి ఒకటి వాడి సంచిలో ఉండేది. ఎందుకో తెలియక మోసి మోసి, ఒకనాడు రెండు దరుల మధ్య వేలాడే తీగ మీద ఆ గిలకను ఆనించి జర్రున జారినప్పుడు, ఈ విశ్వంలో వ్యర్థమైనది ఏదీ లేదన్న ఆనందంతో ఒళ్లంతా పులకించింది. కత్తిపోరులో కూడా నెత్తురు చిందేది కాదు. ఎదుటివాడి తిట్టుకు తగిన తిప్పికొట్టుడు చెప్పినవాడిదే గెలుపు. తిట్టుకవిత్వం తెలిసిన తెలుగువాళ్లం, మాకది పరాయి విద్య అనిపించలేదు.

నీ సంగీతం మరో శోకం. దాన్ని నడిపిన మాయాయంత్రాన్ని ఐమ్యూజ్ అన్నారు, మైకెల్ లాండ్, పీటర్ మెకానెల్ కలిసి కట్టారు. మంకీ ఐలాండ్ రెండో భాగంలో ఓడల శకలాలతో కట్టిన ఊరొకటి ఉంటుంది. ఒక గడప దాటి మరో గడప తొక్కితే రాగం తెగదు, వాయిద్యం మాత్రం మెల్లగా మారుతుంది. జనరల్ బజారు సందుల్లో బోనాల వేళ నడిచినవాళ్లకు ఈ మాయ తెలుసు: ఒక మలుపులో డప్పు, మరో మలుపులో పోతరాజు కాళ్ల గజ్జెలు, ఉజ్జయిని మహంకాళి గుడి దరిచేరేసరికి గంట, అన్నీ వేరు, అంతా ఒకే పాట.

ఏ మూల తాకితే తెరుచుకుంటావే, నా మూసిన తలుపా!

1998లో నీ మరణగీతం నువ్వే పాడుకున్నావు. గ్రిమ్ ఫండాంగో దాని పేరు. అస్థిపంజరాల ఆత్మలు నాలుగేళ్లు నడిచి నడిచి ఆవలి లోకం చేరే ఆ కథలో, మౌసు బాణాన్ని కూడా పక్కనపెట్టి, వైతరణి ఒడ్డున వెన్నెల చల్లి వెళ్లిపోయావు. జనం పెద్దగా కొనలేదు. నిన్ను పెంచిన ఆ లూకాస్ స్టూడియోను 2013 ఏప్రిల్‌లో డిస్నీ మూసేసింది.

అయినా నీ దేహం దహనం కాలేదు. 2001 నుంచి స్కమ్‌వీఎం అనే సాఫ్ట్‌వేరును స్వచ్ఛందంగా మలుస్తున్న పుణ్యాత్ములు నిన్ను నేటి ఫోన్లలోనూ నడిపిస్తున్నారు. వాళ్లకు శతకోటి దండాలు. మరి నా ఏడుపు దేనికంటావా? నీ ప్రాణం నీ తలుపుల్లో లేదు, తలుపు ముందు నిలిచిన మా తెలియనితనంలో ఉండేది. ప్రశ్న పెదవి దాటకముందే జవాబు తెచ్చి పడేసే ఈ అద్దపు పలకలు ఆ తెలియనితనాన్ని అణగదొక్కాయి, మా అన్వేషణను అనాథను చేశాయి, కుర్చీల చుట్టూ కూడిన ఆ కోలాహలాన్ని కూల్చేశాయి. ఇవాళ నిన్ను తెరిస్తే నా చెయ్యి నన్నడగకుండానే పసుపు పువ్వు దగ్గరికి, మాంసం దగ్గరికి, తీగ దగ్గరికి చకచకా పోతుంది. అన్నీ తెలుసు నాకు. ఒక్క పూటలో నీ చివరిదాకా వచ్చేస్తాను. ఆ కుక్కల దగ్గర ఆగిపోయిన కుర్రాణ్ణి ఎంత పిలిచినా రాడు, ఏ సేవ్‌లోనూ వాడు దొరకడు. ఏడవక ఏం చెయ్యమంటావు తల్లీ!