సహాధ్యాయ మైత్రి: ద్రోణుడును కుచేలుడును

1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీకి పూర్వము గద్వాల, అలంపురము తాలూకాలు రాయచూరు జిల్లాలోనివే. ఆ దినమున హైదరాబాదు రాష్ట్రము విభక్తము కాగా రాయచూరు మైసూరు రాష్ట్రమునను, ఆ రెండు తాలూకాలు ఆంధ్రప్రదేశమునను చేరినవి. ఒక జిల్లావారు ఇరు రాష్ట్రములవారైరి. 1953లో తుంగభద్ర కాలువలకు నీరు వచ్చిన పిదప సింధనూరు, మాన్వి ప్రాంతములకు తెలుగు రైతులు తరలివచ్చి, క్యాంపులను పేర ఊళ్లు కట్టుకొనిరి. ఈ రెండు మార్పులలోను ఒక నష్టము సమానమే: బాల్యమిత్రులు దూరమైరి. పొలమునకు దస్తావేజు కలదు. బంధుత్వమును పెండ్లి పేరంటములు నిలుపును. చెలిమికి అట్టి కట్టు ఏదియు లేదు. నడివయస్సు వచ్చిన పురుషుడు చిన్ననాటి నేస్తుని మరల చూడగోరినచో, ఏ ముఖముతో పోవలెను, ఏమని పలుకవలెను అను సంకోచము అతనిని ఇంటనే ఆపుచున్నది. ఈ సంకోచము క్రొత్తది కాదు. దీనిని మన ప్రాచీన కవులు రెండు కథలలో చక్కగా పరిశీలించిరి.

మొదటిది నన్నయ ఆదిపర్వమందలి ద్రోణ ద్రుపదుల కథ; రెండవది పోతన భాగవత దశమస్కంధమందలి కుచేలోపాఖ్యానము. రెండింటికిని ప్రారంభము ఒక్కటే. ఇరువురు గురుకులమున కలసి చదివిరి. ఏండ్లు గడచినవి. ఒకడు రాజ్యభోగములందును, మఱొకడు దారిద్ర్యమందును ఉండిరి. పేదవాడే బయలుదేరి పోయెను. ప్రారంభము ఇంత సమానమైనను, ఒకచోట చెలిమి పగగా మారెను. మఱొకచోట మునుపటికంటె దృఢమాయెను. ఈ భేదమునకు హేతువేమి?

ద్రుపదుని ఐశ్వర్యమదమే హేతువని సామాన్యముగా చెప్పుదురు. అది సత్యమే కాని పూర్ణసత్యము కాదు. ద్రోణుని పక్షమున న్యాయము కలదు. ధనికుల బిడ్డలు పాలు త్రాగుచుండగా చూచి అశ్వత్థామ ఏడ్చెను. తాను రాజైననాడు రమ్మని ద్రుపదుడు అగ్నివేశ్యుని యొద్ద చదువుకొను దినములలో చెప్పియుండెను. అయినను ద్రోణుడు సభలో అడుగిడినతోడనే చెలిమిని ఒక హక్కుగా ప్రకటించెను. ద్రుపదునకు ఆ మాటలో మిత్రుడు కనబడలేదు, ఋణదాత కనబడెను. ధనికునకును దరిద్రునకును సఖ్యమేమని అతడు పరిహసించెను.

తరువాతి ఘట్టము మఱింత విచారింపదగినది. ద్రోణుడు అర్జునుని చేత ద్రుపదుని పట్టి తెప్పించి, సగము రాజ్యము తాను తీసికొని, ఇపుడు సమానులమైతిమి కావున సఖులమనెను. పొలము గట్టు కొలిచినట్లు సమత్వము కొలువబడెను; స్నేహము మాత్రము మొలకెత్తలేదు. ద్రుపదుడు యజ్ఞము చేసి ధృష్టద్యుమ్నుని పొందెను. కురుక్షేత్రమున పదునైదవనాడు ఆ ధృష్టద్యుమ్నుడే ద్రోణుని వధించెను. బలముతో అతికించిన చెలిమి ఫలము ఇది.

కుచేలుని రాక వేఱు తీరు. భార్య ప్రేరేపింపగా బయలుదేరినను, కృష్ణదర్శనమే లాభమని అతడు తలచెను. కొంగున పిడికెడు అటుకులు తప్ప చేతిలో ఏమియు లేదు. కృష్ణుడు దూరమునుండియే చూచి, పాన్పు దిగి వచ్చి, కౌగిలించుకొని, తన శయ్యపై కూర్చుండబెట్టి, కాళ్లు కడిగెను. రుక్మిణి చామరము వీచెను. పిదప సంభాషణ యొక్క క్రమమును గమనింపవలెను. ఎందుకు వచ్చితివని కృష్ణుడు అడుగలేదు. సాందీపని యొద్ద గడపిన దినములను తలచెను. గురుపత్ని కట్టెలకై పంపగా అడవిలో గాలివాన పట్టిన రాత్రిని, గురువు వెదకుకొనుచు వచ్చిన తెల్లవాఱును జ్ఞాపకము చేసెను. అటుపిమ్మటనే అటుకుల ప్రసక్తి. కలసి తడిసిన రాత్రి ముందు, ఇచ్చిపుచ్చుకొనుట పిదప. చెలిమిని పునరుద్ధరించిన క్రమము ఇదియే. కుచేలుడు ఏమియు అడుగలేదు. కృష్ణుడు ఎదుట ఏమియు ఈయలేదు. వారిలో ఒకడు పేద, మఱొకడు ధనికుడన్న భేదము ఆ రాత్రి తొలగలేదు, అడ్డును రాలేదు.

కృష్ణుడు భగవంతుడు, కుచేలుడు భక్తుడు. దీనిని లోకపు నేస్తములతో పోల్చరాదని కొందఱు ఆక్షేపింపవచ్చును. భక్తిపరమైన అర్థము కాదనరానిది. కాని సర్వజ్ఞునకు గాలివానను గుర్తు చేసికొనవలసిన పని యేమి? ఆ ప్రసంగము మిత్రుని సంకోచము తీర్చుటకే. భక్తిపరముగా మాత్రమే చదివినచో ఈ నేర్పు మఱుగుపడును. ఒక లోపము కూడ కలదు. ఇన్నేండ్లు ద్వారకాధీశుడు కుచేలుని ఏల పిలిపింపలేదు? కథ దీనికి ఉత్తరమీయదు. రెండు కథలలోను నడచిపోవలసిన భారము పేదవానిదే అయ్యెను. నేటి పాఠకుడు కావ్యమును మెచ్చుకొనుచునే ఈ భారమును కలిగినవాని భుజముపైకి మార్చుకొనుట న్యాయము.

తెగిన సహాధ్యాయ మైత్రిని వర్ణించిన నన్నయ, తెగని మైత్రికి తానే సాక్షి. భారత రచనలో తనకు తోడ్పడిన నారాయణభట్టును అవతారికలో సహాధ్యాయుడని పేర్కొని, భారతయుద్ధమున అర్జునునకు కృష్ణుడు తోడైనట్లు తనకు తోడయ్యెనని చెప్పుకొనెను. 11వ శతాబ్దినాటి నందంపూడి శాసనము ఆ నారాయణభట్టును సంస్కృత, కర్ణాట, ప్రాకృత, పైశాచిక, ఆంధ్రభాషలలో సుకవి యని కీర్తించుచున్నది. తెలుగున ఆదికావ్యము ఒక కన్నడమెఱిగిన చదువుల నేస్తుని తోడ్పాటుతో వెలసినది. ఇది రాయచూరు తెలుగువారు ప్రత్యేకముగా గర్వింపదగిన విషయము. చిన్ననాడు ఒక బల్లపై కూర్చున్న కన్నడ మిత్రుడును ఈ లెక్కలోనివాడే.

రాయచూరునకును గద్వాలకును నడుమ నది లేదు. రెండును కృష్ణా తుంగభద్రల మధ్యనున్న ఒకే అంతర్వేదిలోనివి. నేడు రైలును కలదు. పోవువాడు పాత బాకీలను, మఱచితివన్న నిష్ఠూరమును ఇంట విడిచి, పిడికెడు అటుకులవంటిదేదియో కొంగున కట్టుకొని పోవలెను. తలుపు తీసినవాడు పని యేమని అడుగక, నాటి గాలివానను తలచవలెను.