వేడి నడిచే దారి

రాత్రి పదకొండు దాటాక ఇంట్లో సినిమా చూస్తున్నప్పుడు, తెర మీద మాటలు ఆగిపోయి ఇద్దరు మనుషులు ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయే నాలుగు క్షణాలు వస్తాయి. సరిగ్గా అప్పుడే టీవీ కింద గూట్లో ఉన్న కంప్యూటర్ వినిపిస్తుంది. సన్నగా, తెంపు లేకుండా, గీ... అని. నెత్తిమీద సీలింగ్ ఫ్యాను అంతకంటే గట్టిగానే తిరుగుతుంటుంది కానీ చెవి దాన్ని పట్టించుకోదు. సీలింగ్ ఫ్యానుది అన్ని స్థాయిల్లోకీ పరుచుకున్న గాలి హోరు. కంప్యూటర్ ఫ్యానుది ఒకే శ్రుతి. ఏడు రెక్కల చిన్న ఫ్యాను నిమిషానికి 2000 చుట్లు తిరిగితే, దాన్ని పట్టి ఉంచే కమ్మీ ముందు నుంచి సెకనుకు 233 సార్లు ఏదో ఒక రెక్క దాటుతుంది. 233 హెర్ట్జ్ అంటే గొంతుతో అందుకోగల స్వరం. హోరులోంచి స్వరాన్ని ఏరి తీయడం చెవికి పుట్టుకతో వచ్చిన విద్య.

అందుకే హాల్లో పెట్టుకునే సినిమా కంప్యూటర్‌కి నేను ముందు ప్రాసెసర్ చూడను, క్యాబినెట్ చూస్తాను. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో క్యాబినెట్ అడిగితే, ఎదురుగా వరసగా పేర్చినవి ఎక్కువగా గాజు తలుపులవీ, రంగురంగుల లైట్ల ఫ్యాన్లవీ. అవి గేముల కోసం చేసినవి, ఆ పనికి బాగానే ఉంటాయి. మన పని వేరు. సినిమా ఆడించడం ఇప్పటి ప్రాసెసర్లకు పెద్ద బరువు కాదు. వీడియోను విప్పే పని కోసం వాటిలోనే ప్రత్యేకమైన భాగం ఉంటుంది కాబట్టి పది పదిహేను వాట్లతో గడిచిపోతుంది. ఆ కొద్దిపాటి వేడిని చప్పుడు లేకుండా గదిలోకి సాగనంపగలిగే పెట్టె దొరికితే చాలు.

ఫ్యాన్ ఉన్నంత మాత్రాన పెట్టె చెడ్డదని కాదు. ఫ్యాను లెక్క తెలిస్తే దానితోనే చాలా దూరం పోవచ్చు. వేగాన్ని సగానికి తగ్గిస్తే చప్పుడు దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది. ఒకే వేగంతో తిరిగే రెండు ఫ్యాన్లు తోసే గాలి వాటి వ్యాసం ఘనాన్ని బట్టి మారుతుంది. 80 మిల్లీమీటర్ల ఫ్యాను 2000 చుట్లలో తోసే గాలిని అదే పోలికలో చేసిన 120 మిల్లీమీటర్ల ఫ్యాను 600 చుట్లలోనే తోసేస్తుంది. కాబట్టి ఫ్యాన్ ఉన్న క్యాబినెట్ కొనేవాళ్లు చూడాల్సింది ఫ్యాన్ల సంఖ్య కాదు, ఎంత పెద్ద ఫ్యాను పడుతుందన్నది. ఆస్ట్రియా కంపెనీ నాక్టువా 2018లో తెచ్చిన 120 మిల్లీమీటర్ల ఫ్యానులో రెక్క కొసకీ చట్రానికీ మధ్య సందు అర మిల్లీమీటరే. ఆ సందులోంచే గాలి వెనక్కి జారి సుడులు తిరుగుతుంది కనుక సందు ఎంత తగ్గితే అంత మంచిది. కానీ మామూలు ప్లాస్టిక్ రెక్క ఏళ్ల తరబడి తిరిగితే ఆ వేగానికి కొద్దికొద్దిగా సాగి చట్రానికి తగులుతుంది. అందుకని సాగని లిక్విడ్ క్రిస్టల్ పాలిమర్‌తో రెక్కలు పోశారు. అర మిల్లీమీటరు కోసం పదార్థాన్నే మార్చిన ఆ పట్టుదల నాకు గొప్పగా అనిపిస్తుంది.

అయినా నా మనసు ఫ్యాను అసలే లేని పెట్టెల మీదే ఉంది. అందులో నేను దగ్గరగా చూసింది నెదర్లాండ్స్ కంపెనీ స్ట్రీకామ్ చేసిన ఎఫ్‌సి8. 17 సెంటీమీటర్ల చదరపు మదర్‌బోర్డు, అంటే మినీ ఐటీఎక్స్ పట్టే చిన్న పెట్టె. దీనిలో గొప్పంతా ఒక్క మాటలో ఉంది: పెట్టే హీట్‌సింక్. ప్రాసెసర్ మీద కూర్చున్న దిమ్మె నుంచి రాగి గొట్టాలు బయల్దేరి పెట్టె పక్క గోడను చేరతాయి. ఆ గోడే వేడిని గదికి అప్పగిస్తుంది. ఆ దారిని వేలితో తడుముతూ పోతే పనితనం ఒక్కో మజిలీలో బయటపడుతుంది.

మొదటి మజిలీ ప్రాసెసర్ పైమూత. సుమారు 9 చదరపు సెంటీమీటర్లు, అంటే దాదాపు పెద్ద తపాలా బిళ్లంత. దాని మీద దిమ్మె కూర్చుంటుంది. రెండూ కంటికి నున్నగానే ఉంటాయి కానీ లోహానికి లోహం నిజంగా తగిలేది కొన్ని చుక్కల దగ్గరే, మిగతాదంతా గాలి. గాలి వేడిని మోయడంలో అల్యూమినియం కంటే ఏడెనిమిది వేల రెట్లు తీసికట్టు. వెంట్రుక మందం, అంటే మిల్లీమీటరులో పదోవంతు గాలి పొర అడ్డుపడితే, 35 వాట్ల వేడి దాటడానికి 150 డిగ్రీల తేడా కావాలి. ప్రాసెసర్ దానికి చాలా ముందే తనను తాను ఆపేసుకుంటుంది. అదే మందంలో మామూలు థర్మల్ పేస్ట్ ఉంటే తేడా ఒక్క డిగ్రీ. ఈ పెట్టె బిగించేటప్పుడు పేస్ట్ రాయాల్సిన చోట్లు ఒకటి కాదు: మూతకీ దిమ్మెకీ మధ్య, దిమ్మె గాడిలో గొట్టం పడుకునే చోట, అవతలి గోడ దగ్గర గొట్టం మళ్లీ గాడిలో దిగే చోట. గాడిని గొట్టం చుట్టుకొలతకు సరిపోయేలా కోశారా లేదా అన్నది అక్కడే తేలుతుంది. వేలి గోరుతో గాడి అంచు తడిమితే గరుకు తగలకూడదు, గొట్టం దిగితే కదలకూడదు.

రెండో మజిలీ గొట్టం. ఇదే ఈ కథకు ప్రాణం. దీన్ని హీట్‌పైప్ అంటారు. ఆలోచనకు 1940ల్లో జనరల్ మోటార్స్ ఇంజనీరు రిచర్డ్ గాగ్లర్ పేటెంట్ తీసుకున్నాడు కానీ అది అలాగే ఉండిపోయింది. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దాన్ని విడిగా మళ్లీ కనిపెట్టి ఆ పేరు పెట్టాడు. చూడటానికి ఆరు మిల్లీమీటర్ల మామూలు రాగి గొట్టం, రెండు కొసలూ మూసి ఉంటాయి. లోపల గాలి తీసేసి కాసిని నీళ్లు మాత్రం ఉంచుతారు. గోడ లోపలి వైపు రాగి పొడిని అతికించి కాల్చిన పొర ఉంటుంది. గాలి లేదు కాబట్టి నీరు మరగడానికి వంద డిగ్రీలు అక్కర్లేదు, చేతికి వెచ్చగా తగిలే వేడికే ఆవిరవుతుంది. ఆ ఆవిరి చల్లటి కొసకు పరుగెత్తి అక్కడ నీరుగా మారుతుంది. ఇడ్లీ పాత్ర మూత లోపల బొట్లు కట్టడం చూశాం కదా, అదే పని. అలా మారుతూ ఆవిరి తాను తెచ్చిన వేడిని గోడకు వదిలేస్తుంది. తిరిగి రావడానికి మోటారు లేదు. రాగి పొడి పొర దీపంలో వత్తి నూనెను లాగినట్టు నీటిని వేడి కొసకు లాక్కొస్తుంది. ఇంగ్లిష్‌లోనూ దాని పేరు వత్తే.

నాకు ఎప్పుడూ ఆశ్చర్యం తెప్పించేది ఇందులో తిరిగే నీటి కొలత. ఆవిరయ్యే ప్రతి గ్రాము నీరు దాదాపు 2400 జౌళ్ల వేడిని మోస్తుంది. 35 వాట్లంటే నిమిషానికి 2100 జౌళ్లు. అంటే ప్రాసెసర్ వేడినంతా మోయడానికి గొట్టాలన్నింట్లో కలిపి నిమిషానికి ఒక గ్రాము నీరు కూడా తిరగనక్కర్లేదు. పాతిక చుక్కలు కూడా ఉండవు. రెండున్నర గంటల సినిమా మొత్తం ఆ చుక్కలే ఆవిరై, నీరై, వత్తి పట్టుకుని వెనక్కి వస్తూ ఉంటాయి. చప్పుడు చేసే వస్తువేదీ ఆ దారిలో లేదు.

గొట్టాన్ని వంచడంలో కూడా ఒక మర్యాద ఉంది. వంపు మరీ ఇరుకైతే లోపలి పొర చిట్లి వత్తి తెగుతుంది. అందుకే మంచి పెట్టెల్లో గొట్టాలు మూలల దగ్గర గుండ్రంగా, తీరిగ్గా తిరుగుతాయి. ఇరుకుగా, నలిగి కనిపించిన వంపు ఉన్న పెట్టెను నేను కొనను.

మూడో మజిలీ గోడ. 6063 రకం అల్యూమినియం. ఇళ్లకు కిటికీ సెక్షన్లు చేసేది కూడా దీనితోనే. అచ్చులోంచి ఒత్తి సాగదీయడానికి లొంగుతుంది, వేడిని ఉక్కు కంటే నాలుగు రెట్లు బాగా మోస్తుంది. గోడ బయటి వైపు పళ్లు పళ్లుగా ఉండటం అలంకారం కాదు. గాలిని ఎవరూ తోయనప్పుడు, గోడ గదికంటే 20 డిగ్రీలు వేడిగా ఉంటే, 35 వాట్లు వదలడానికి రమారమి 1750 చదరపు సెంటీమీటర్లు కావాలి. అంటే మూడు ఏ4 కాగితాలంత. ఆ వైశాల్యాన్ని చీర కుచ్చిళ్లలా మడత పెడితేనే చిన్న గోడలో ఇముడుతుంది. మడతలు దగ్గరగా పెడితే ఇంకా లాభమే కదా అనిపిస్తుంది కానీ అలా కాదు. ప్రతి పన్ను ఒంటినీ ఒక వేడి గాలి పొర అంటుకుని పైకి లేస్తుంది. ఎదురెదురు పొరలు కలిసిపోతే మధ్యలోకి చల్లగాలి రాదు. కాబట్టి పళ్ల మధ్య చిటికెన వేలు దూరేంత సందు ఉండాలి, పళ్లు నిలువుగా ఉండాలి, కింద గాలి దూరడానికి కాళ్లు ఎత్తుగా ఉండాలి. ఈ మూడూ చూస్తే చాలు, చేసినవాడు గాలి గురించి ఆలోచించాడో, చూపు గురించి మాత్రమే ఆలోచించాడో తెలిసిపోతుంది.

ఇక పైపూత. మెరుగుపెట్టిన అల్యూమినియం వేడిని కిరణాలుగా వదలడంలో మహా పిసినారి, నల్లని వస్తువు వదిలే దానిలో ఇరవయ్యో వంతు కూడా వదలదు. యానోడైజ్ చేస్తే, అంటే విద్యుత్తుతో పైన ఆక్సైడ్ పొర కట్టిస్తే, ఆ పైపొర ఎనభై శాతం దాకా వదులుతుంది. తమాషా ఏమిటంటే నలుపు యానోడైజింగ్‌కీ వెండిరంగుదానికీ ఇక్కడ తేడా దాదాపు లేదు. కంటికి కనబడే రంగు వేరు, గోరువెచ్చని వస్తువు వదిలే పరారుణ కిరణాల లెక్క వేరు. ఆ లెక్కలో రెండూ నలుపే. కాబట్టి రంగు ఇంట్లోవాళ్ల ఇష్టం.

ప్రాసెసర్ నోరు మూయించాక మిగతా చప్పుళ్లు బయటపడతాయి. కంప్యూటర్‌కి కరెంటు అందించే మామూలు ఎస్‌ఎంపీఎస్‌లో ఫ్యాను ఉంటుంది కాబట్టి, పెట్టె బయట లాప్‌టాప్ తరహా అడాప్టర్, లోపల చిన్న డీసీ బోర్డు అన్న పద్ధతి మంచిది. తిరిగే హార్డ్‌డిస్క్ ఇంకా మొండిది. 5400 చుట్ల డిస్క్ సెకనుకు 90 సార్లు వణుకుతూ పలచటి రేకునంతా వాయిస్తుంది. మధ్యలో మెత్తటి రబ్బరు పెడితే ఆ వణుకు రేకుకు చేరదు. రబ్బరు గట్టిదైతే మాత్రం పెట్టినా పెట్టకపోయినా ఒకటే. 2005లో వచ్చిన యాంటెక్ పీ180 క్యాబినెట్‌ను, సైలెంట్ పీసీ రివ్యూ వెబ్‌సైట్‌ను స్థాపించిన మైక్ చిన్ సలహాతో రూపొందించినప్పుడు, ఎస్‌ఎంపీఎస్‌కు అడుగున వేరే గది కట్టారు. మధ్యలో ప్లాస్టిక్ ఉండే మూడు పొరల పలకలు వాడారు. ఆ పొర వణుకును తనలో అరగదీస్తుంది. రేకును వేలి కణుపుతో కొట్టి చూడండి, డబ్బాలా మోగితే ఆ క్యాబినెట్ వణుకును పెంచుతుంది, టక్ మని ఆగితే మింగుతుంది. హాల్లోకైతే నేను సినిమాలన్నీ వేరే గదిలో డిస్కుల మీద ఉంచి, పెట్టెలో తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ మాత్రమే పెట్టడం మేలంటాను.

మన ఎండాకాలం లెక్క వేరు. ఎఫ్‌సి8 మీద 65 వాట్ల ప్రాసెసర్ దాకా పెట్టవచ్చంటారు. లెక్క సులువు కావడానికి ఆ దారి మొత్తం వాటుకు ఒక డిగ్రీ చొప్పున అడ్డుపడుతుందనుకుందాం. 22 డిగ్రీల గదిలో 65 వాట్లు పెడితే ప్రాసెసర్ 87 దగ్గర నిలుస్తుంది. మే నెలలో విజయవాడలో ఏసీ లేని హాలు 37 ఉంటే అదే ప్రాసెసర్ 102కి పోవాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావాటి హద్దు 100. అందుకని పేరు చివర టి అక్షరమున్న 35 వాట్ల రకం తీసుకుంటాను. అదీ కొన్ని క్షణాల పాటు చెప్పినదానికి రెట్టింపు తాగుతుంది కాబట్టి బయాస్‌లో ఆ పరుగును కట్టేస్తాను. 37లో అది 72 దగ్గర ఆగుతుంది. టీవీ యూనిట్‌లో తలుపులున్న గూట్లో మాత్రం పెట్టను. పై అరకూ పెట్టెకూ మధ్య జానెడు ఖాళీ, వెనక పలక తీసేసి ఉండాలి.

ఫ్యాను లేని పెట్టె ఇంకో మేలు చేస్తుంది, కొన్న నాడు ఎవరూ గమనించరు. లోపలికి గాలి లాక్కోదు కాబట్టి దుమ్మూ లాక్కోదు. ఏడాది తిరిగాక మూత విప్పితే మదర్‌బోర్డు మీద పలచటి పొరే కనిపిస్తుంది. పళ్ల సందుల్లో చేరిందాన్ని పాత పెయింటు కుంచెతో పై నుంచి కిందికి లాగేస్తే పోతుంది.

సినిమా అయ్యాక లైటు వేయకముందే ఆ పక్క గోడ మీద అరచెయ్యి పెడతాను. కాఫీ తాగేసి పక్కన పెట్టిన స్టీలు గ్లాసంత వెచ్చగా ఉంటుంది, మొదటి పన్ను దగ్గరా చివరి పన్ను దగ్గరా ఒకేలా.