ముప్పావుగంట ప్రయాణానికి రెండు గంటల ఇంధనం

శంషాబాద్ నుంచి గన్నవరానికి గాలిలో దూరం సుమారు 140 నాటికల్ మైళ్లు, అంటే 260 కిలోమీటర్లు. ఏటీఆర్-72 లాంటి విమానానికి ఇది ముప్పావుగంట పని. కానీ పొగమంచు పట్టే చలికాలపు ఉదయాన అదే విమానం రెండు గంటలు ఎగరడానికి సరిపడా ఇంధనం నింపుకుని బయల్దేరాలి. ఆ అదనం ఎందుకో తెలిస్తే, బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలను నమ్ముకుని ఎగిరే విద్య సగం తెలిసినట్టే.

మబ్బులో పైలట్‌ను మొదట మోసగించేది అతని ఒళ్లే. మెల్లగా తిరిగే మలుపును లోపలిచెవి పసిగట్టలేదు. విమానం ఒరిగి ఉన్నా తిన్నగానే ఉన్నట్టు తోస్తుంది. 1929 సెప్టెంబరు 24న న్యూయార్క్ దగ్గరి మిచెల్ ఫీల్డ్‌లో అమెరికన్ పైలట్ జిమ్మీ డూలిటిల్ తన సీటుపై ముసుగు కప్పించుకుని, స్పెరీ జైరో పరికరాలు, కోల్స్‌మన్ ఆల్టిమీటర్, రేడియో సంకేతాల సాయంతోనే లేచి, చుట్టు తిరిగి, దిగి చూపించాడు. అమెరికాలో టపా విమానాలు నడిపిన ఎల్రీ జెప్పెసన్ రన్‌వేల కొలతలు, చుట్టుపక్కల అడ్డంకుల ఎత్తులు ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకునేవాడు. తోటి పైలట్లు అడగడంతో 1934లో వాటి ప్రతులను పది డాలర్లకు అమ్మడం మొదలుపెట్టాడు. పరికరాన్ని నమ్మడం, ముందే రాసిపెట్టుకోవడం: ఈ సంప్రదాయానికి పునాదులు ఈ రెండే.

ప్రణాళిక గమ్యం దగ్గర మొదలై వెనక్కి నడుస్తుంది. గన్నవరంలో ఇప్పుడు వాతావరణం ఎలా ఉందో మెటార్ చెబుతుంది, చేరే వేళకు ఎలా ఉండొచ్చో టాఫ్ చెబుతుంది. రన్‌వే, దీపాలు, రేడియో సాధనాల్లో ఏది పనిచేయడం లేదో నోటామ్‌లలో ఉంటుంది. రన్‌వేకి దారి చూపే రేడియో వ్యవస్థ ఐఎల్ఎస్ కేటగిరీ-1 స్థాయిలో ఉన్నచోట సాధారణంగా నేలకు 200 అడుగుల ఎత్తు వరకే దిగవచ్చు. అక్కడికీ రన్‌వే గానీ దాని దీపాలు గానీ కనిపించకపోతే మళ్లీ పైకి లేవాల్సిందే. రన్‌వే మీద చూపు కనీసం 550 మీటర్లు ఆనాలి.

ఆనకపోతే ఎక్కడికి? రాజమండ్రి దగ్గరే, కానీ గన్నవరాన్ని కమ్మిన మంచు గోదావరి గట్టునా కమ్మి ఉండొచ్చు. ఒకే వాతావరణంలో ఉన్న రెండో ఊరు ప్రత్యామ్నాయం కాదు. అందుకే అలాంటి రోజు దూరమైనా శంషాబాదే నయం. ఇక లెక్క తేలిక: వెళ్లడానికి 45 నిమిషాలు, అనుకోని అవసరానికి 5, తిరిగి రావడానికి 45, ఎట్టి పరిస్థితిలోనూ ముట్టకూడని నిల్వ 30. మొత్తం 125 నిమిషాలు.

దారి చిన్నదైతే పని తగ్గదు, తీరికే తగ్గుతుంది. తూర్పు దిక్కుగా వెళ్లేవారికి బేసి వేల అడుగుల ఎత్తులు కేటాయిస్తారు కాబట్టి 15,000 అడుగులు అనుకుందాం. శంషాబాద్ సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన, గన్నవరం వంద అడుగుల లోపు. ఎక్కేది పదమూడు వేలు, దిగేది దాదాపు పదిహేను వేలు. దిగే ప్రతి వెయ్యి అడుగులకూ మూడు నాటికల్ మైళ్లు అన్నది పైలట్ల పాత సూత్రం. ఆ లెక్కన 45 మైళ్ల ముందే దిగడం మొదలుపెట్టాలి. ఎక్కడానికీ దిగడానికీ పోగా నిలకడగా ఎగిరేది పావుగంట లోపే. అందుకే చార్టు చదవడం, రేడియో ఫ్రీక్వెన్సీలు పెట్టుకోవడం, గో-అరౌండ్ చేస్తే, అంటే దిగకుండా మళ్లీ పైకి లేస్తే, ఎటు తిరిగి ఎంత ఎత్తుకు ఎక్కాలో మాట్లాడుకోవడం చాలావరకు ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ముగించుకుంటారు.

సాధనాలు మారుతూనే ఉన్నాయి. 2022లో మన ఉపగ్రహ వ్యవస్థ ‘గగన్’ ఆసరాతో ఒక ఏటీఆర్ విమానం రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో దిగింది. అయినా పైలట్ వేసుకునే ప్రశ్నలు మారలేదు: కనిపించకపోతే ఏం చేస్తాను, ఎక్కడికి పోతాను, అంతదాకా ఇంధనం ఉందా? వీటికి జవాబులు నేల మీద, తొందర లేనప్పుడు, సిద్ధం చేసుకోవడమే ఈ విద్య విలువ. గన్నవరం దాకా వెళ్లి వెనుదిరిగిన విమానంలో ప్రయాణికులు విసుక్కోవడం సహజం. కానీ ఆ తిరుగుదారి అప్పటికప్పుడు పుట్టినది కాదు. దానికి కావలసిన ఇంధనం బయల్దేరకముందే ట్యాంకులో ఉంది.